క్రిస్టియన్ సైకోథెరపీకి 9 నెలలు వెళ్ళాక నా రివ్యూ: ఆవిడ నన్ను ఎలా తెలుసుకున్నారంటే

తొమ్మిది నెలలుగా క్రిస్టియన్ సైకోథెరపీకి (క్రైస్తవ విశ్వాసాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చేసే మానసిక చికిత్స) వెళ్తున్నాను, ఇప్పటికి 31 సెషన్లు అయ్యాయి, ఇంకా వెళ్తూనే ఉన్నా. థెరపిస్ట్ పేరు గానీ క్లినిక్ పేరు గానీ రాయట్లేదు, నా కథ చదివి ఎవరైనా నన్ను గుర్తుపట్టడం నాకిష్టం లేదు, పైగా నాకు కుదిరిన మనిషి మీకు కుదరాలని రూలేం లేదు. కాబట్టి ఈ రివ్యూ ఒక మనిషి గురించి కాదు, ఈ సర్వీసు లోపల అసలు పని ఎలా జరుగుతుంది, ముక్కూమొహం తెలియని ఒకావిడ ఎదురు కుర్చీలో కూర్చుని మనల్ని ఎలా తెలుసుకుంటారు అనే దాని గురించి. వెళ్ళేముందు నేను చాలా వెతికాను, ఈ ఒక్క సంగతే ఎక్కడా దొరకలేదు. రేటింగ్ ముందే చెప్పేస్తా, 5కి 4. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

ముందు పాత అనుభవం చెప్పాలి, లేకపోతే ఇది అర్థం కాదు. అమ్మ పోయిన ఏడు నెలలకి నాకు నిద్ర పూర్తిగా పాడైపోయింది, రాత్రి మూడింటికి టక్కున మెలకువ వచ్చేది, మళ్ళీ తెల్లారేదాకా పట్టేది కాదు. తెలిసినవాళ్ళు చెబితే ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన మీది ఏ సంఘం (చర్చి), ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, రోజూ బైబిల్ వాక్యం చదువుతున్నారా అని అడిగారు, అమ్మ గురించి రెండు ప్రశ్నలు వేశారు, ఇరవై నిమిషాలు కూడా కాలేదు, "నాకు అర్థమైంది బ్రదర్, మీలో క్షమించలేనితనం ఉంది" అనేశారు. ఎవర్ని క్షమించాలో నాకే తెలీదు. నాలుగు వచనాలు రాసిచ్చారు, కన్నీళ్ళతో ప్రార్థన చేశారు. ఆయన చెడ్డ మనిషని నేను అనను, ఆ కన్నీళ్ళు నిజమైనవే. కానీ ఆయనకి తెలిసింది ఒక విశ్వాసి, నేను కాదు. ఇద్దరిదీ ఒకే బైబిల్, ఒకే పాటలు, ఒకే మాటలు కాబట్టి నా లోపల ఏముందో తనకి తెలుసనుకున్నారు. బయటికి వచ్చాక రెండు నెలలు ఇంకెవరి దగ్గరికీ వెళ్ళలేదు.

ఇప్పుడు వెళ్తున్నావిడ లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్ట్, విశ్వాసి కూడా. అపాయింట్‌మెంట్ దొరకడానికి ఐదు వారాలు పట్టింది, నిద్రలేని మనిషికి ఐదు వారాలంటే చాలా ఎక్కువ, ఇది మొదటి కంప్లైంట్.

మొదటి సెషన్‌కి ముందే ఫారం పంపించారు. నిద్ర, మందులు, ముందు ఏమైనా ట్రీట్‌మెంట్ తీసుకున్నారా, ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉందా, ఇవన్నీ మామూలే. చివరి పేజీ విశ్వాసం గురించి. నేను ఊహించింది ఏంటంటే రక్షణ అనుభవం, అంటే యేసుని ఎలా నమ్ముకున్నానో, రాయమంటారని. అది లేదు. ఈ సమస్యలో మీ విశ్వాసం మీకు సాయం చేసిందా, భారం పెంచిందా, రెండూనా, సెషన్లో ప్రార్థన కావాలా, వాక్యం మాట్లాడుకోవాలా, సంఘం గురించి మాట్లాడకూడదనుకున్న విషయం ఏదైనా ఉందా, ఇలా ఉన్నాయి, పక్కన "ఖాళీగా వదిలేసినా పర్వాలేదు" అని రాసుంది. ప్రార్థన దగ్గర నేను "కావాలి" అని టిక్ పెట్టాను. మొదటి రోజు ఆవిడ ఆ పేజీ తీసి అడిగిన మొట్టమొదటి ప్రశ్న, "ఈ టిక్ మీరు పెట్టాలనుకుని పెట్టారా, పెట్టకపోతే బాగుండదని పెట్టారా?" నేను నవ్వేశాను, చాలా రోజుల తర్వాత. రెండోదేనండీ అన్నా. "అయితే ఇవాళ్టికి వద్దులెండి, కావాలనిపించినప్పుడు మీరే చెప్పండి" అన్నారు. నా సంగతి ఆవిడకి తెలియడం అక్కడే మొదలైందని ఇప్పుడనిపిస్తుంది, ఎందుకంటే పెద్దవాళ్ళ ముందు తప్పు అనిపించుకోకూడదని బతికే మనిషినని ఆ ఒక్క టిక్‌లో దొరికిపోయాను.

తర్వాత డిప్రెషన్ ఎంతుందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం. గత రెండు వారాల్లో ఎలా ఉంది అని 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. ఇది క్రిస్టియన్ సరుకేం కాదు, అన్నిచోట్లా మామూలు డాక్టర్లు కూడా వాడతారు. నాకు 13 వచ్చింది, అంటే మధ్యస్థం. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండు అన్న ఆలోచనల గురించి, దానికి నేను సున్నా పెట్టాను, అబద్ధం చెప్పాలని కాదు, నిజంగా సున్నానే అనుకున్నాను. ఆవిడ కాగితం పక్కన పెట్టి చాలా మామూలు గొంతుతో అడిగారు, "చచ్చిపోవాలని అనిపించలేదు, సరే. ప్రభువు నన్ను తీసేసుకుంటే బాగుండు అని ఎప్పుడైనా ప్రార్థించారా?"

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. దాదాపు ప్రతి రాత్రీ.

ఈ రివ్యూలో ఒక్క పేరానే చదువుతానంటే ఇదే చదవండి. విశ్వాసులం చావు కోరికని చావు అని పిలవం. ఇంటికెళ్ళిపోవడం అంటాం, ప్రభువు సన్నిధి అంటాం, అమ్మ దగ్గరికి అంటాం, అవన్నీ ఎంత పవిత్రంగా వినిపిస్తాయంటే మన చెవికి కూడా మనం ఏం అంటున్నామో తెలియదు. ఫారంలో ఉన్న మాట నా మాట కాదు కాబట్టి సున్నా పెట్టాను. నా భాషలో అడిగేసరికి నిజం బయటికొచ్చింది. ఆవిడ కంగారు పడలేదు, వాక్యం చెప్పలేదు, కేవలం ఆలోచనేనా, ఎలా అని కూడా ఆలోచించారా, ఇంట్లో అలాంటి వస్తువులేమైనా ఉన్నాయా, ఎప్పుడైనా దగ్గరిదాకా వెళ్ళారా, ఆ టైములో ఎవరికి ఫోన్ చేస్తారు అని ఒక్కొక్కటీ సూటిగా అడిగి, ఇద్దరి పేర్లు నాచేతే కాగితం మీద రాయించారు. నేను చెప్పేవి రహస్యంగా ఉంటాయి, కానీ నా ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ప్రమాదం ఉంటే, పిల్లలకి హాని ఉంటే మాత్రం ఉండవు అని ముందే చెప్పిన సంగతి మళ్ళీ గుర్తుచేశారు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరైనా రాత్రిపూట అదే ప్రార్థన చేస్తుంటే దయచేసి ఇవాళే ఒక మనిషికి, డాక్టరైతే ఇంకా మంచిది, ఉన్నదున్నట్టు చెప్పండి.

అదే రోజు థైరాయిడ్, ఇంకా కొన్ని రక్తపరీక్షలు చేయించుకోమన్నారు, నిద్ర గురించి ఒక సైకియాట్రిస్ట్‌ని కలవమన్నారు. నాకు కొంచెం నిరాశ అనిపించింది, ఆత్మ సంగతి మాట్లాడదామని వస్తే రక్తం ఇవ్వమంటారేంటి అని. నాలుగో సెషన్లో అనుకుంటా, ఇన్ని ప్రశ్నలెందుకండీ, మీకు అనుభవం ఉంది కదా, నా సమస్య ఏంటో మీరే చెప్పేయొచ్చు కదా అన్నాను. అప్పుడు బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి గుర్తుచేశారు. బదరీవృక్షం కింద పడుకుని నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు కదా, నా ప్రార్థనే అది. అతనికి ముందు నిద్ర దొరికింది, దూత తట్టి లేపి తినమన్నాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు, అదంతా అయ్యాక కొండ దగ్గర "ఇక్కడేం చేస్తున్నావు" అని దేవుడి ప్రశ్న వచ్చింది, అదీ ఒకసారి కాదు, రెండుసార్లు. ముప్పై ఎనిమిదేళ్ళు మంచాన పడున్నవాణ్ణి యేసు స్వస్థపడాలని ఉందా అని అడిగారు. గుడ్డి బర్తిమయిని నీకేం చేయాలి అని అడిగారు, వాడికి కళ్ళు కావాలని అక్కడ గుంపులో ఎవరికి తెలియదు? "అన్నీ తెలిసినాయనే అడిగి విన్నారు, ఏమీ తెలియని నేను అడగకుండా ఎలా చెప్పేస్తాను?" అన్నారు ఆవిడ. అంతే, అది ప్రసంగం కాదు, అర నిమిషం కూడా పట్టలేదు, మళ్ళీ నిద్ర గురించి అడగడం మొదలుపెట్టారు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. ఆవిడ నా మాటల్ని తెలిసిన మాటల్లా తీసుకోలేదు. మాకిద్దరికీ సంఘం భాష ఒకటే అయినా, లేదా ఒకటే కాబట్టే, ప్రతి మాటనీ ఆపి అడిగేవారు. ఆత్మీయంగా బలహీనంగా ఉన్నాను అంటే, ఒక మామూలు రోజు పొద్దున అది ఎలా కనిపిస్తుంది చెప్పండి అనేవారు. విడుదల కావాలి అంటే, దేన్నుంచి, విడుదలైతే ఆ మర్నాడు మొదట ఏం చేస్తారు అనేవారు. మొదట్లో చిరాకొచ్చేది, ఈవిడకి మన మాటలు తెలియవా అని. మూడో సెషన్లో నేను "నాకు సమాధానం లేదండీ" అన్నాను. మన బైబిల్లో సమాధానం అంటే శాంతి కదా, ఆ అర్థంలోనే అన్నా. ఆవిడ కాస్త ఆగి, "శాంతి లేదా, జవాబు లేదా?" అన్నారు.

శాంతే అని గట్టిగా చెప్పి వచ్చేశాను. ఆ రాత్రి మూడింటికి మెలకువ వచ్చినప్పుడు మొదటిసారి ఆ ప్రశ్న గుర్తొచ్చింది, నేను అడుగుతున్నది జవాబు. ఎందుకు ఆ రాత్రే, ఎందుకు అలా అని. శాంతి అడుగుతున్నాననుకుని నెలల తరబడి ప్రార్థించాను, నిజానికి ఒక్క ప్రశ్న పట్టుకుని కూర్చున్నాను, దాన్ని ప్రశ్నగా ఒప్పుకోవడం అవిశ్వాసం అనిపించి శాంతి అని పేరు పెట్టాను. ఇంకో భాషలో అయితే ఈ రెండూ వేరే మాటలు అయ్యుండేవి, ఈ సంగతి ఇలా దొరికేది కాదేమో.

ఐదో సెషన్ మొత్తం ఒక పెద్ద కాగితం మీద కుటుంబం బొమ్మ వేయడమే. దీన్ని జీనోగ్రామ్ అంటారు, ముర్రే బోవెన్ అనే సైకియాట్రిస్ట్ కుటుంబ చికిత్సలోంచి వచ్చింది, మగవాళ్ళకి చతురస్రం, ఆడవాళ్ళకి గుండ్రం, పోయినవాళ్ళకి గుర్తు మీద అడ్డగీతలు, కనీసం మూడు తరాలు. గొడవలున్న చోట వంకరటింకర గీత, బాగా దగ్గరైతే రెండు మూడు గీతలు. ఆవిడ దానిమీదే ఇంకో రంగు పెన్నుతో విశ్వాసం గీయమన్నారు, ఎవరు ముందు నమ్మారు, ఎవరు మానేశారు, ఎవరి ప్రార్థన అంటే ఇంట్లో గురి, ఎవరితో దేవుడి గురించి మాట్లాడకూడదు. గీస్తుంటే నాకే కనిపించింది, మా ఇంట్లో ఎవరికి పెద్ద జబ్బు వచ్చినా ఎవరో ఒకరు కారణం వెతికారు, తాతయ్య జబ్బుకి పెదనాన్న తాగుడు కారణం అన్నారు, అత్తకి పిల్లలు పోతే ఆవిడ ఉపవాసం మధ్యలో మానేసింది కాబట్టి అన్నారు. ప్రతి చావు పక్కనా ఒక దోషి పేరుంది. అమ్మ గుండ్రం దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగిపోయింది, అది ఆగడం ఆవిడ చూశారు, ఏమీ అనలేదు. కాగితం మడిచి ఫైల్లో పెట్టారు. అప్పుడే అడిగేసి ఉంటే నేను చెప్పేవాణ్ణి కాదు, ఖచ్చితంగా.

మనసులో ఉండే దేవుడి రూపం గురించి కూడా ఒక సెషన్ జరిగింది. అనా-మారియా రిజూటో అని ఒక సైకో అనలిస్ట్ 1979లో దీని మీద ఒక పుస్తకం రాశారు, మనిషి లోపల ఉండే దేవుడి రూపం చిన్నప్పుడు అమ్మానాన్నలతో గడిపిన అనుభవం లోంచి కూడా తయారవుతుందని, అది బుర్రలో ఉన్న సిద్ధాంతంతో కలవాలని లేదని. ఆవిడ నాకు ఇదంతా లెక్చర్ ఇవ్వలేదు, నేనే తర్వాత చదువుకున్నా. ఆవిడ అడిగింది ఇంతే, దేవుడు ఎలాంటివాడు? ప్రేమామయుడు, కృపగలవాడు, దీర్ఘశాంతుడు, సండే స్కూల్ పిల్లాడిలా గడగడా చెప్పాను. సరే, ఇప్పుడు ఆయన ఈ తలుపు తీసుకుని లోపలికి వచ్చారనుకోండి, మొదటి క్షణంలో ఆయన ముఖం ఎలా ఉంటుంది? నేను ఆలోచించకుండానే అన్నాను, వాచీ చూసుకుంటూ ఉంటారు అని. నేనే ఉలిక్కిపడ్డాను. అది నాన్న. నాన్న మంచివారే, కానీ నేను ఏది చెప్పబోయినా ఆయనకి ఎప్పుడూ టైమైపోయేది.

ఇక ప్రార్థన. తొమ్మిదో సెషన్లో నేనే అడిగాను, ఇవాళ ప్రార్థన చేసుకుందామా అని. ఆవిడ నన్నే చేయమన్నారు. చేశాను. అయ్యాక కాసేపు నిశ్శబ్దం, తర్వాత "మీ ప్రార్థన మీకూ దేవుడికీ మధ్యది, దాని గురించి నాకు తోచింది ఒకటి చెప్పొచ్చా, వద్దంటే వదిలేద్దాం" అని అడిగారు. చెప్పండి అన్నా. "రెండు నిమిషాల్లో క్షమించు అని చాలాసార్లు అన్నారు, దేనికి అనేది ఒక్కసారి కూడా చెప్పలేదు." ప్రార్థనని కూడా ఇంత శ్రద్ధగా వినొచ్చని నాకు తెలీదు, మనం ఎవరైనా ప్రార్థిస్తుంటే మధ్యలో ఆమెన్ అంటూ మన ఆలోచనల్లో మనం ఉంటాం. అలాగని ఆవిడ ప్రార్థనని పరీక్షలా వాడుకున్నారని మాత్రం అనుకోకండి, పర్మిషన్ అడిగారు, అడగకుండా ఆ మాట అనుంటే నేను మళ్ళీ అక్కడ నోరు తెరిచి ప్రార్థించేవాణ్ణే కాదు.

ఆవిడ నన్ను తప్పుగా అర్థం చేసుకున్న రోజు కూడా ఉంది, అది దాచి రివ్యూ రాస్తే అన్యాయం. పదో సెషన్ చివర్లో, మీకు దేవుడి మీద చాలా కోపం ఉన్నట్టుంది, కోపం చెప్పుకోవడానికి కీర్తనల్లో చోటుంది, 88వ కీర్తన చూడండి, చివరిదాకా చీకటే, స్తోత్రంతో ముగియదు అన్నారు. నిజంగా మంచి మాటే. కానీ నాకు కోపం లేదు. ఆ వారమంతా మొదటి కౌన్సెలర్ గుర్తొచ్చాడు, ఈవిడ కూడా నా మీద ఒక చీటీ అంటించేశారు అని. మానేద్దామని మెసేజ్ కూడా టైప్ చేశా, పంపలేదు. వెళ్ళి అదే చెప్పాను, నాకు కోపం లేదండీ, మీరు పుస్తకంలో చదివింది నాకు పెడుతున్నారనిపించింది అని, గొంతు వణికింది. ఆవిడ వాదించలేదు, "నేను తొందరపడ్డాను, క్షమించండి" అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, తన ఇంట్లో ఒకరు పోయినప్పుడు తనకి కోపం వచ్చిందని, అది మీ దగ్గర వెతికానేమో అని, దీని గురించి తన సూపర్‌వైజర్‌తో మాట్లాడతానని. అంత చదువుకున్న మనిషి నా ముందు తప్పు ఒప్పుకోవడం, ఆ ఒప్పుకోవడం వల్ల ఆకాశం విరిగి పడకపోవడం, నేను జీవితంలో ఎప్పుడూ చూడలేదు. పేషెంట్ విషయంలో థెరపిస్ట్ సొంత భావాలు కదలడాన్ని కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ అంటారట, తమ నొప్పిని పేషెంట్ నొప్పి అనుకోవడం అందులో ఒక ప్రమాదం, ఒకే విశ్వాసం ఉన్న ఇద్దరి మధ్య ఇది ఇంకా సులభంగా వస్తుందని నా అనుభవం మీద నమ్ముతున్నాను. అందుకే వాళ్ళకి పైన ఇంకొకరు ఉండి వినడం ఎంత అవసరమో నాకు ఆ రోజు తెలిసింది. మీరు ఎవరి దగ్గరికి వెళ్ళినా, మీకు సూపర్‌విజన్ ఉందా అని అడగండి, అడగడం తప్పు కాదు.

ఆ తర్వాత వారం చెప్పాను. అమ్మ చివరి రాత్రి మేమంతా వంతులు వేసుకుని ప్రార్థన చేస్తున్నాం, రెండు నుంచి నాలుగు వరకు నా వంతు. నేను నిద్రపోయాను. మోకాళ్ళ మీదే, మంచానికి తల ఆనించి. నాలుగున్నరకి అక్క లేపేసరికి అమ్మ లేదు. సంఘంలో సాక్ష్యం చెప్పమన్నప్పుడు, దేవుని చిత్తం జరిగింది, అమ్మ సమాధానంగా వెళ్ళిపోయింది అని చెప్పాను, అందరూ ఏడ్చారు. అమ్మ ఎలా వెళ్ళిందో నేను చూడలేదు. సాక్ష్యం అంటే చూసినది చెప్పడం కదా, చూడనిది చెప్పాను. రాత్రి మూడింటికి మెలకువ ఎందుకొస్తుందో అప్పటిదాకా నేను కూడా జతచేసి చూసుకోలేదు, నా వంతు టైము అది.

ఆవిడకి ఎలా తెలుసని మీరడిగితే, ఆవిడకి తెలియదు, తెలియదని ఆవిడకి తెలుసు, అంతే. తర్వాత ఒకసారి నా గురించి ఆవిడ రాసుకున్న నోట్స్ చూడొచ్చా అని అడిగితే ఒక పేజీ చూపించారు. రెండో సెషన్ తేదీ కింద "దేవుని చిత్తం అన్నప్పుడల్లా గొంతులో జీవం పోతోంది, వాచీ ఉన్న మణికట్టు పట్టుకుంటున్నారు, అడగవద్దు, వేచి చూడాలి" అని రాసుంది. ఐదో సెషన్ కింద "తల్లి దగ్గర చెయ్యి ఆగింది" అని. ఎక్కువ భాగం నా మాటలే, నేను అన్నవి అన్నట్టుగా. జబ్బు పేరు పేజీ మూలన చిన్నగా ఉంది. యోబు స్నేహితులు ఏడు పగళ్ళు ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా నేల మీద కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే అని చిన్నప్పుడు ఎవరో ప్రసంగంలో చెప్పగా విన్నా, ఆ పేజీ చూసినప్పుడు అదే గుర్తొచ్చింది.

కొంచెం చరిత్ర కూడా చదివాను, వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నా. ఆంటన్ బాయిసెన్ అనే అమెరికన్ పాస్టర్‌కి 1920లో తీవ్రమైన మానసిక జబ్బు చేసి ఆస్పత్రిలో ఉంచాల్సొచ్చింది. కోలుకున్నాక వూస్టర్ స్టేట్ హాస్పిటల్లో చాప్లిన్‌గా (ఆస్పత్రి పాస్టర్‌గా) చేరి 1925లో క్రైస్తవ వేదాంతం చదివే విద్యార్థులని ఆస్పత్రికి తీసుకొచ్చి ట్రెయినింగ్ మొదలుపెట్టాడు. పుస్తకాల్ని ఎంత శ్రద్ధగా చదువుతారో ఎదురుగా ఉన్న రోగిని కూడా అంతే శ్రద్ధగా చదవండి అనేది అతని పద్ధతి, మనుషుల్ని "సజీవ మానవ పత్రాలు" అనేవాడు. మంచం మీద పడుకుని చూసినవాడు కాబట్టే ఆ మాట అనగలిగాడని నాకనిపిస్తుంది. ఇంకోవైపు 1970లో జే ఆడమ్స్ అనే అమెరికన్ పాస్టర్ మొదలుపెట్టిన ధోరణి వేరు, అది వాక్యంతో బుద్ధి చెప్పి సరిదిద్దడం ప్రధానంగా సాగుతుంది, సైకాలజీని పెద్దగా నమ్మదు. 1965లో అమెరికాలో ఫుల్లర్ సెమినరీ (క్రైస్తవ వేదాంత కాలేజీ) సైకాలజీ స్కూల్ పెట్టిన దారి ఇంకోటి, అక్కడ రెండూ కలిపి నేర్పుతారు. బయట బోర్డు మీద అందరూ క్రిస్టియన్ కౌన్సెలింగ్ అనే రాస్తారు, లోపల ఏ దారో మనమే అడిగి తెలుసుకోవాలి. నేను మొదటిసారి అడగలేదు.

కంప్లైంట్లు. 50 నిమిషాలు అంటే 50 నిమిషాలే, అమ్మ సంగతి చెప్పిన రోజు కూడా ఆగిపోయింది, పది నిమిషాల ముందే "మనకి ఇంకా పది నిమిషాలుంది, బయటికెళ్ళే ముందు మీకేం కావాలి" అని అడిగారు నిజమే, అయినా ఆ రోజు నాకు బాధేసింది. కష్టంలో విశ్వాసం ఎలా ఆదుకుంటోందో, ఎంత సతమతం పెడుతోందో కొలిచే 14 ప్రశ్నల పేపరు ఒకటి ఇచ్చారు, కెన్నెత్ పార్గమెంట్ అనే సైకాలజిస్ట్ బృందం తయారుచేసింది, దేవుడు నన్ను వదిలేశాడా అనిపించింది లాంటివి ఉంటాయి, ప్రశ్నలు మంచివే కానీ నాకిచ్చిన తెలుగు అనువాదం చాలా ఘోరం, రెండు ప్రశ్నలు ఏం అడుగుతున్నాయో అర్థం కాక అంచనాతో టిక్ పెట్టా, మాటల మీద ఇంత జాగ్రత్త ఉన్న చోట ఇది ఉండకూడదు. ఆన్‌లైన్ సెషన్లు నాకు నచ్చలేదు, నెట్ తెగిపోతే నిశ్శబ్దం ఏది నెట్‌వర్క్ ఏది తెలియదు, పైగా ఆవిడకి నా చేతులు కనిపించవు. ఐదు వారాల వెయిటింగ్ సంగతి ముందే చెప్పాను. ఆ ఒక్క స్టార్ వీటికే.

మొదట తప్పనిపించి తర్వాత మంచిదనిపించినవి రెండున్నాయి. మా సంఘంలో ఒక మీటింగ్‌కి రమ్మని పిలిస్తే రానన్నారు, గర్వం అనుకున్నా. ఒకే సంఘంలో ఉండి ఒకే గదిలో ఇవన్నీ చెప్పుకోవడం కుదరదు, ఆదివారం ఆవిడ నా వెనక వరసలో కూర్చుంటే నేను పాడగలనా? మా పాస్టర్ గారు నా గురించి అడుగుతూ ఫోన్ చేస్తే, నేను వాళ్ళ దగ్గరికి వస్తున్నానో లేదో కూడా చెప్పలేదట, తర్వాత నన్నడిగారు, మాట్లాడమంటారా, ఏమేం చెప్పొచ్చు, ఏది చెప్పకూడదు అని. నిద్ర గురించి చెప్పండి, ఆ రాత్రి గురించి వద్దు అన్నాను. రాసి సంతకం తీసుకున్నారు. అంతే చెప్పారు.

ఎవరికి పనికొస్తుంది? త్వరగా ఒక మాట చెప్పించుకుని ధైర్యంగా ఇంటికెళ్ళిపోవాలనుకుంటే ఇది మీకు విసుగు పుట్టిస్తుంది, అలాంటి అవసరం ఉండటం తప్పేం కాదు, దానికి మంచి పాస్టర్లున్నారు. విశ్వాసం వదిలేసినవాళ్ళు, వదిలేయాలా అని ఊగుతున్నవాళ్ళు కూడా వెళ్ళొచ్చు, నా థెరపిస్ట్ అయితే ఒక్కసారి కూడా నన్ను ఎటూ లాగలేదు. వెళ్ళిన మొదటి రోజే "నాకు అర్థమైంది" అన్నారంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోండి.

నిద్ర ఇప్పుడు వారంలో నాలుగైదు రాత్రులు పడుతోంది, ఆ ప్రార్థన చేసి చాలా రోజులైంది. అమ్మ బైబిల్ నా దగ్గరే ఉంది, జిప్ కవర్ది, పోయినప్పట్నుంచి ఆ జిప్ తీయలేదు, లోపల ఆవిడ ఎక్కడెక్కడ గీతలు గీసుకుందో చూడాలంటే భయం. పోయిన సెషన్లో ఈ సంగతి చెబితే, ఏముంటుందని భయం అని అడిగారు, తెలీదు అన్నా. వచ్చే బుధవారం తీసుకెళ్తున్నాను.